మూడు గంటల గడువు ఎవరికి?
తిరుపతి, చిత్తూరు ఆసుపత్రులు, డాక్టర్లు, బీమా డబ్బు: తరచూ అడిగే ప్రశ్నలు

ఉదయం పదకొండుకు డాక్టర్ డిశ్చార్జ్ రాసేశారు. చేతికున్న కెనులా తీసేశారు, ఫ్లాస్కూ దుప్పటీ సంచిలోకి చేరాయి, కింద ఆటో మాట్లాడి పెట్టారు. సాయంత్రం నాలుగైనా బిల్లింగ్ కౌంటర్‌లో పిల్లవాడు చెప్పే మాట ఒక్కటే: "ఇంకా మెయిల్ రాలేదన్నా." పేషెంటు తరఫువాళ్ల కోపం ఆసుపత్రి మీద. ఆసుపత్రి కోపం టీపీఏ (బీమా కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థ) మీద. ఆ టీపీఏ ఏ చెన్నైలోనో బెంగళూరులోనో ఉండే ఒక మెయిల్ ఐడీ. దాని మీద అరిచినా వినేవాళ్లుండరు.

తిరుపతి, చిత్తూరుల్లో చిన్న ఆసుపత్రులు నడిపే డాక్టర్లు, బిల్లింగ్ చూసుకునేవాళ్లు, పాలసీ ఉన్న పేషెంట్లు తిప్పి తిప్పి అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. వాటి జవాబులు చదివే ముందు ఒక మాట. ఈమధ్య వచ్చిన నిబంధనలు పేషెంటుకు గడియారం ఇచ్చాయి. ఆసుపత్రికి ఇవ్వలేదు. మిగతా చిక్కులు చాలావరకు అక్కడినుంచే మొదలవుతాయి.

క్యాష్‌లెస్ అప్రూవల్ ఎంతసేపట్లో రావాలి?

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే 29న ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం ప్రీ-ఆథ్‌కు, అంటే చికిత్సకు ముందు అడిగే అనుమతికి, గంట. డిశ్చార్జ్ నాడు ఫైనల్ అప్రూవల్‌కు, ఆసుపత్రి నుంచి అభ్యర్థన అందినప్పటినుంచి మూడు గంటలు. అది దాటితే, ఆలస్యం వల్ల ఆసుపత్రి అదనంగా వేసే గది అద్దె వగైరా బీమా కంపెనీయే భరించాలి, అదీ వాటాదారుల నిధి నుంచి. చికిత్సలో ఉండగా పేషెంటు చనిపోతే అప్రూవల్ వెంటనే ఇచ్చి, శవాన్ని ఆలస్యం లేకుండా ఇంటివాళ్లకు అప్పగించేలా చూడాలి.

ఈ నిబంధన గట్టిగా వాడుకునేవాళ్లు తక్కువ. కారణం చిన్నదే: ఫైనల్ బిల్లు ఎన్ని గంటలకు పంపారో ఎవరి దగ్గరా రాసి ఉండదు. పదకొండుకు డిశ్చార్జ్ రాసినా, ఫార్మసీ రిటర్న్‌లు తేలి, ల్యాబ్ రిపోర్టులు జతై, మెయిల్ కదిలేసరికి రెండవుతుంది. ఆ మూడు గంటలు ఆసుపత్రివే. అందుకని పేషెంట్లూ, "ఎందుకు ఆలస్యం?" అని కాక "ఫైనల్ బిల్లు ఎన్నింటికి పంపినారు?" అని అడగండి. ఆసుపత్రివాళ్లూ, ఆ సమయం ఫైలు అట్ట మీద రాయండి.

టీపీఏలు వేసే క్వెరీల సంగతి వేరు. "జబ్బు ఎన్నాళ్ల నుంచి ఉంది", "మొదట చూపించుకున్న చీటీ పంపండి" అంటూ ఒక్కో ప్రశ్నా విడిగా వేసి, వేసిన ప్రతిసారీ గడువు మొదటినుంచి లెక్కపెట్టుకోవడం కొందరికి అలవాటు. క్వెరీ వచ్చిన టైం, జవాబిచ్చిన టైం రెండూ రాసి పెట్టుకుంటే రేపు ఫిర్యాదు చేసేటప్పుడు ఆ కాగితమే సాక్ష్యం.

అప్రూవల్ వచ్చింది, పేషెంటు ఇంటికి పోయినాడు. మా డబ్బు ఎప్పుడొస్తుంది సార్?

ఇదీ అసలు ప్రశ్న. పేషెంటుకు గంటల్లో రాసిపెట్టినట్టు మీ డబ్బుకు ఆ సర్క్యులర్‌లో గంటలు లేవు. మీ గడువు బీమా కంపెనీతో మీరు సంతకం పెట్టిన ఒప్పందంలో, అంటే ఎంవోయూలో ఉంటుంది. ఎంప్యానెల్‌మెంట్ వచ్చిందన్న సంతోషంలో సంతకం పెట్టి, బీరువాలో పెట్టేసిన ఆ కాగితాన్ని ఒకసారి బయటికి తీయండి. చెల్లింపుకు ఎన్ని రోజులు అన్నారో చూడండి. ఆలస్యమైతే వడ్డీ అన్న మాట ఉందా? టారిఫ్ మళ్లీ ఎప్పుడు మారుస్తారో రాశారా? అప్రూవల్ ఇచ్చాక కూడా డబ్బు కోసుకునే హక్కు వాళ్లకుందా, ఉంటే కారణం రాతపూర్వకంగా చెప్పాలా? పాత క్లెయిమ్ మీద అభ్యంతరం పెట్టి కొత్త క్లెయిమ్‌లోంచి పట్టుకోవచ్చా? తగాదా వస్తే మధ్యవర్తిత్వం ఏ ఊళ్లో? చిత్తూరు ఆసుపత్రి లక్షన్నర రూపాయల కోసం ముంబై వెళ్లి వాదించుకోవాలని రాసుంటే, ఆ లక్షన్నర మీద ఆశ వదులుకున్నట్టే.

టారిఫ్‌దే పెద్ద బాధ. ఎప్పుడో ఒప్పుకున్న ప్యాకేజీ రేటు, ఈ ఏటి ఆక్సిజన్ బిల్లు, ఈ ఏటి నర్సు జీతం. 2025 ఆగస్టులో దేశవ్యాప్త ఆసుపత్రుల సంఘం ఏహెచ్‌పీఐ ఉత్తరాది సభ్యులకు, సెప్టెంబరు 1 నుంచి బజాజ్ అలయన్జ్ పాలసీలకు క్యాష్‌లెస్ ఆపమని సలహా ఇచ్చింది. పాత రేట్లు పెంచకపోవడం, కారణం లేని కోతలు, చెల్లింపుల ఆలస్యం అన్నవి సంఘం చెప్పిన ఫిర్యాదులు. చర్చల తర్వాత ఆ పిలుపును వెనక్కి తీసుకున్నారు. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రులు గొంతు పెంచితే కంపెనీ కూర్చుని మాట్లాడుతుంది. తిరుపతి బాలాజీ కాలనీలో, చిత్తూరు గ్రీమ్స్‌పేటలో పదిహేను పడకలు నడిపే డాక్టర్ దంపతులకు ఆ బలం లేదు.

చేతికొచ్చే డబ్బులోనూ 10 శాతం టీడీఎస్ పోతుంది. ఆసుపత్రులకు చెల్లించేటప్పుడు టీపీఏలు టీడీఎస్ కోయాలని 2009లోనే ప్రత్యక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ఇచ్చింది. రిటర్నులో అది తిరిగొస్తుంది, నిజమే, కానీ ఆ లోపల జీతాల తారీఖులు ఆగవు. ఆసుపత్రి కంపెనీగా రిజిస్టరై ఉంటే బిల్లు వేసిన నాడే ఆదాయం కింద లెక్క, డబ్బు రాకపోయినా. సొంతంగానో భాగస్వామ్యంగానో నడిపేవాళ్లు చేతికొచ్చినప్పుడే లెక్క చూపే పద్ధతి ఎంచుకోవచ్చు. మీ ఆడిటర్‌తో ఈ మాట ఒక్కసారి మాట్లాడండి.

ఇంకొక సంగతి. పాలసీదారును క్లెయిమ్ కాగితాలు అడగకూడదు, కంపెనీయో టీపీఏయో నేరుగా ఆసుపత్రి నుంచి తెప్పించుకోవాలి అని కూడా ఐఆర్‌డీఏఐ 2024 సర్క్యులర్ చెప్పింది. పేషెంటుకు ఎంతో మేలు. ఆ మేలు చేసే గుమస్తా జీతం మాత్రం ఆసుపత్రిది.

నేను విజిటింగ్ సర్జన్‌ని. క్లెయిమ్‌లో కోత పడింది కాబట్టి నీ ఫీజులోనూ కోత అంటున్నారు. ఒప్పుకోవాలా?

మీకూ ఆసుపత్రికీ మధ్య కాగితం ఏమంటే అది. నోటిమాటగా నడుస్తుంటే ఇప్పుడైనా రాయించుకోండి: ఫీజు బిల్లు మీదా, వచ్చిన డబ్బు మీదా, ఎన్ని రోజుల్లో అన్నది. మత్తు డాక్టర్ల పరిస్థితి ఇంకా కష్టం. ప్యాకేజీ సర్జరీలో వాళ్ల ఫీజు అందరికంటే చివర లెక్కకొస్తుంది.

గది పెద్దది తీసుకున్నామని మొత్తం బిల్లులో కోసేశారు. ఇదేం లెక్క?

లెక్క ఉంది, కానీ చాలాసార్లు తప్పుగా వేస్తారు. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. మూడు లక్షల పాలసీ, గది అద్దె పరిమితి 1 శాతం, అంటే రోజుకు 3,000. మీరు తీసుకున్నది 5,000 గది, నాలుగు రోజులు: 20,000. సర్జన్, మత్తు డాక్టర్, ఓటీ, నర్సింగ్ కలిపి 60,000. మందులు, ఇంప్లాంట్, పరీక్షలు 40,000. మొత్తం లక్షా ఇరవై వేలు.

గదికి 12,000 ఇస్తారు. గది ఎక్కువ తరగతిది కాబట్టి డాక్టర్, ఓటీ ఖర్చుల్లో కూడా అదే నిష్పత్తి, 60 శాతం, అంటే 36,000. ఇక్కడ ఆగాలి. మందులు, వాడి పారేసే సామగ్రి, ఇంప్లాంట్లు, పరీక్షలు ఈ నిష్పత్తి కోతలోకి రావని 2020 నుంచి నిబంధన ఉంది. ఐసీయూ చార్జీకి కూడా ఈ కోత వర్తించదు. కాబట్టి ఆ 40,000 పూర్తిగా రావాలి. రావలసింది 88,000. అన్నిటి మీదా 60 శాతం గుద్దేస్తే వచ్చేది 72,000. తేడా పదహారు వేలు. సెటిల్‌మెంట్ లెటర్‌లో ఈ పదహారు వేలు కనిపించకుండా "డిడక్షన్" అన్న ఒక్క గడిలో పడి ఉంటాయి.

మీ ఆసుపత్రిలో గదిని బట్టి డాక్టర్ ఫీజు మారకపోతే, ఏ గదిలో ఉన్నా ఆపరేషన్‌కు ఒకే రేటు అయితే, ఈ నిష్పత్తి కోతే వేయకూడదు. చిన్న ఆసుపత్రులు చాలావాటిలో జరిగేది అదే. ఆ మాట లెటర్‌హెడ్ మీద రాసి క్లెయిమ్‌తో పంపండి.

కోసిన డబ్బు పేషెంటు దగ్గర వసూలు చేయొచ్చా?

కో-పే (పాలసీ ప్రకారం పేషెంటు భరించాల్సిన వాటా), పాలసీలో రాని సామాన్లు, పేషెంటు కోరి తీసుకున్న పెద్ద గది తాలూకు తేడా: వీటికి పేషెంటు కట్టాల్సిందే. అడ్మిషన్‌లోనే చెప్పి సంతకం తీసుకోవాలి. ఒప్పుకున్న ప్యాకేజీ రేటు మీకు చాలడం లేదని ఆ తేడాను పేషెంటు నెత్తిన వేయడం ఎంవోయూ ఉల్లంఘన. రాష్ట్రంలో 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం ఉంది, రేట్లు అందరికీ కనిపించేలా పెట్టాలి. షూ కవర్, క్యాప్ లాంటివి గది చార్జీలోనే కలిసిపోవాలన్నది బీమా జాబితాల పద్ధతి. వాటికి విడిగా బిల్లు వేసి, కంపెనీ కొట్టేశాక ఇంటివాళ్లతో గొడవపడి లాభం లేదు.

బిల్లు తగాదా పెట్టి పేషెంటును గానీ శవాన్ని గానీ ఆపడానికి వీల్లేదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో ఇది స్పష్టంగా ఉంది.

"అడ్మిషన్ అవసరం లేదు, ఓపీలో చూడాల్సింది" అని టీపీఏ డాక్టర్ అంటే?

వర్షాకాలంలో డెంగీ కేసులన్నిటికీ ఇదే పాట. ప్లేట్‌లెట్లు 48 వేలకు పడిపోయి, కడుపులో నొప్పి, వాంతులు. రాత్రి పన్నెండుకు పుంగనూరు నుంచి కారులో తెస్తారు. అలాంటి మనిషిని మందులు రాసి ఇంటికి పంపే డాక్టర్ ఎవరు? నాలుగు రోజుల తర్వాత, పేషెంటు ముఖం చూడని మనిషి, కౌంట్ పెరిగింది కదా అని "అవసరం లేదు" అంటాడు. తర్వాత కౌంట్ పెరగడం, వచ్చిన రాత్రి ప్రమాదం లేదనడానికి రుజువు కాదు.

చికిత్స నిర్ణయం పేషెంటును చూసిన డాక్టర్‌దే. అయితే ఆ నిర్ణయం కేస్‌షీట్‌లో కనిపించాలి. "ఫీవర్, అడ్మిట్" అని రెండు ముక్కలు రాసి వదిలేస్తే మీ తరఫున మాట్లాడే సాక్షి ఉండదు. వాంతులు ఎన్నిసార్లు, బీపీ ఎంత, ఎందుకు ఇంటికి పంపలేదు అన్నది వచ్చిన రాత్రే రాయండి.

ఇంకో ముఖ్యమైన నిబంధన: క్లెయిమ్‌ను తిరస్కరించే అధికారం టీపీఏకు లేదు. ఆ పని బీమా కంపెనీయే చేయాలి, అదీ క్లెయిమ్‌ల సమీక్ష కమిటీ ఆమోదంతో, పాలసీలో ఏ షరతు కింద తిరస్కరిస్తున్నారో చూపించి. టీపీఏకు ఇచ్చే పారితోషికాన్ని క్లెయిమ్ ఖర్చు తగ్గించడానికి ముడిపెట్టకూడదని ఐఆర్‌డీఏఐ 2016 నిబంధనలు అంటున్నాయి. "పాలసీ షరతుల ప్రకారం తిరస్కరించడమైనది" అని మాత్రమే రాసిన లెటర్ వస్తే, ఏ షరతో అడుగుతూ వెంటనే మెయిల్ పెట్టించండి.

2023-24లో దేశంలో ఆరోగ్య బీమా కంపెనీల ముందుకొచ్చిన క్లెయిమ్‌లు 1.17 లక్షల కోట్ల రూపాయలు. కోతలు, తిరస్కరణలు, ఇంకా తేలనివి పోగా చెల్లించింది 83,493 కోట్లు. ఐఆర్‌డీఏఐ వార్షిక నివేదిక లెక్క ఇది.

"డాక్టరయ్యా, షుగర్ ఉందని రాయొద్దు" అని పేషెంట్లు బతిమాలుతారు. ఏం చేయాలి?

రాయాలి. తప్పుడు రికార్డు రాస్తే రిజిస్ట్రేషన్‌కే ముప్పు. దాంతోపాటు ఈ రెండు నిబంధనలు పేషెంటుకు ఓపికగా చెబితే భయం సగం తగ్గుతుంది: ముందునుంచి ఉన్న జబ్బులకు వెయిటింగ్ ఇప్పుడు గరిష్ఠంగా మూడేళ్లు. పాలసీ వరసగా అయిదేళ్లు కట్టినవాళ్లకు, మోసం రుజువైతే తప్ప, "జబ్బు దాచావు" అని క్లెయిమ్ కొట్టేయడానికి లేదు. ఇంతకుముందు ఇది ఎనిమిదేళ్లు ఉండేది.

ఓంబుడ్స్‌మన్ దగ్గరికి ఆసుపత్రి వెళ్లొచ్చా?

కుదరదు. ఆ తలుపు పాలసీదారుకే. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు ఓంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. మనకు హైదరాబాద్ కార్యాలయం. ఫీజు లేదు, లాయరుతో పనిలేదు. 50 లక్షల దాకా తీర్పు ఇవ్వగలరు. ఆ తీర్పును కంపెనీ 30 రోజుల్లో అమలు చేయకపోతే రోజుకు 5,000 చొప్పున పాలసీదారుకు కట్టాలి. అంతకంటే ముందే బీమా భరోసా పోర్టల్‌లోనో, 155255 నంబరుకో ఫిర్యాదు చేయొచ్చు. వినియోగదారుల కమిషన్ దారి ఎలాగూ ఉంది.

అందుకే పేషెంటు ఇల్లు చేరాక కూడా ఆసుపత్రి అతనితో సంబంధం తెంచుకోకూడదు. మీ డబ్బు కోత పడితే మీ మాట వినేవాళ్లు తక్కువ, అతని మాటకు గడువుంది, జరిమానా ఉంది. పేషెంటు నష్టపోయిన చోట అతని ఫిర్యాదు రాసిపెట్టడానికి మీ బిల్లింగ్ గుమస్తా అరగంట కేటాయిస్తే ఇద్దరికీ మంచిదే.

ఎన్టీఆర్ వైద్యసేవ బకాయిలు రాలేదని పేషెంటును వెనక్కి పంపొచ్చా?

ఎన్టీఆర్ వైద్యసేవ రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం; దాని కార్డు ఉన్న పేషెంటు దగ్గర డబ్బు తీసుకోకూడదు. అడిగితే ఆసుపత్రిలోని వైద్యమిత్రకు చెప్పాలి, లేదా 104కు ఫోన్ చేయాలి. ప్రాణాపాయంలో వచ్చిన మనిషికి ముందు వైద్యం చేయాలన్నది 1989 నుంచి సుప్రీంకోర్టు మాట, బకాయిలతో దానికి సంబంధం లేదు.

అయితే ఆసుపత్రుల బాధ కట్టుకథేం కాదు. 2024 మే 22న నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపినప్పుడు, రావలసింది 1,500 కోట్లని స్పెషాలిటీ ఆసుపత్రుల సంఘం 'ఆశ' చెప్పింది. 2025 అక్టోబరు 10న మళ్లీ ఆపినప్పుడు సంఘం చెప్పిన అంకె దాదాపు 2,700 కోట్లు. మధ్యలో ప్రభుత్వం మారింది, పథకం పేరు మారింది. ప్రైవేటులో వైద్యసేవ ఆగిన రోజున ఆ బరువంతా తిరుపతిలోని ప్రభుత్వ ఆసుపత్రులు రుయా మీద, స్విమ్స్ మీద, చిత్తూరు ప్రభుత్వ ఆసుపత్రి మీద పడుతుంది. చిత్తూరువాళ్లు కొందరు బస్సెక్కి వేలూరు పోతారు, చేతిడబ్బుతో.

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఈ పథకం రాజీవ్ ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైనప్పుడు అది బీమా పథకమే. ప్రభుత్వం ప్రీమియం కట్టేది, స్టార్ హెల్త్ చెల్లించేది. తర్వాత ట్రస్టు నేరుగా చెల్లించే పద్ధతి వచ్చింది. 2025 సెప్టెంబరులో మంత్రివర్గం ఆమోదించిన విధానంలో మళ్లీ సగం దారి వెనక్కి: కుటుంబానికి ఏడాదికి రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల దాకా ట్రస్టు. అప్రూవల్ ఆరు గంటల్లో. డాక్టర్లు కొందరు దీన్ని స్వాగతిస్తున్నారు. నా భయం వేరు. ట్రస్టు ఆలస్యంగా ఇచ్చేది, కంపెనీ చేతిలో కత్తెర ఉంటుంది. ఒప్పందంలో చెల్లింపు గడువు, ఆలస్యానికి వడ్డీ రెండూ రాయించుకోకుండా సంతకాలు పెడితే ఆలస్యం, కోత రెండూ మిగులుతాయి.

కొండకొచ్చిన యాత్రికుడు పడిపోయినాడు. పాలసీ నాగపూర్‌ది, మా ఆసుపత్రి వాళ్ల నెట్‌వర్క్‌లో లేదు.

2024 జనవరి 25 నుంచి సాధారణ బీమా మండలి 'ఎక్కడైనా క్యాష్‌లెస్' పద్ధతి తెచ్చింది. అత్యవసరమైతే చేరిన 48 గంటల్లోపు, ముందే అనుకున్న చికిత్సైతే 48 గంటల ముందు కంపెనీకి చెప్పాలి. రేటు మాత్రం అప్పటికప్పుడు తేలాలి. మెయిల్‌లో తేల్చుకోండి, ఫోన్ మాట నమ్మొద్దు. రోడ్డు ప్రమాదమైతే కేంద్రం 2025 మేలో తెచ్చిన పథకం కింద గుర్తింపు పొందిన ఆసుపత్రిలో ఏడు రోజులు, లక్షన్నర దాకా ఉచితం.

మాది పది పడకలే. బీమావాళ్లు ఆసుపత్రిగా లెక్కిస్తారా?

పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లలో పది పడకలు చాలు, అంతకు మించిన నగరాల్లో పదిహేను. తిరుపతి, చిత్తూరు రెండూ మొదటి కోవలోవే. ఇరవై నాలుగు గంటలూ డాక్టరు, అర్హత ఉన్న నర్సులు, ఓటీ, రోజువారీ రికార్డులు ఉండాలి. విరిగిన ఎముకకు వేసే పుత్తూరు నాటు కట్టుకు ఈ బాదరబందీ ఏదీ లేదు, క్యాష్‌లెస్సూ లేదు. కట్టు కట్టించుకుని డబ్బిచ్చి పోవడమే.

చిన్న పరిశ్రమల చట్టం కింద వడ్డీ అడగొచ్చంటున్నారు, నిజమేనా?

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజులు దాటిన బకాయి మీద బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ అడిగే హక్కుంది. టర్నోవర్ పది కోట్ల లోపు నర్సింగ్ హోమ్ ఆ కోవలోకి వస్తుంది. బీమా కంపెనీ "మేం కొనుగోలుదారులం కాము, సేవ పొందింది పేషెంటు" అని వాదిస్తుంది, దానికి సిద్ధపడి వెళ్లాలి. బకాయి పడ్డాక చేయించుకున్న రిజిస్ట్రేషన్ ఆ పాత బిల్లులకు నిలబడటం కష్టం. కాబట్టి ఈ వారమే చేయించుకోండి, ఖర్చేమీ లేదు.

ఇంత తలనొప్పి ఎందుకు, క్యాష్‌లెస్ మానేద్దామా?

మానేయొచ్చు, అది మీ హక్కు. నష్టం వచ్చే టారిఫ్ మీద నడిపే ఆసుపత్రి ఎక్కడో ఒకచోట కక్కుర్తి పడుతుంది. అది నర్సుల సంఖ్యలోనో, వాడే సామగ్రిలోనో తేలుతుంది. అంతకంటే ఒక కంపెనీని వదులుకోవడమే నయం. కానీ రాత్రికి రాత్రి కాదు. ఎంవోయూలో నోటీసు గడువు ఎంతో చూసుకోండి. ఆ గడువు తీరేదాకా చేరినవాళ్లకు పాత పద్ధతే నడపండి. ఆపుతున్న తేదీ, కంపెనీ పేరు కౌంటర్ పక్కన పెద్ద అక్షరాలతో తెలుగులో అతికించండి, చిత్తూరులో అయితే తమిళంలో కూడా.